రాక్షసులు కట్టని గుళ్ళు

ఆదివారంనాడు ఆబిడ్స్‌లో మూసిన అంగళ్ళ ముందర పాతపుస్తకాల రాసులు వెలుస్తవి. అక్కడ కొన్న ఒక చిత్రసంపుటంలో ఉత్తర జర్మనీలోని ఒక ప్రాచీన సమాధి బొమ్మ కనిపించింది. నిలువురాళ్ళమీద పెద్ద బండ కప్పు. దానిని అక్కడివారు ‘హ్యూనెన్‌గ్రాబ్’ అంటారు. అనగా రాక్షసుని గోరీ. మన పల్లెలలోనూ ఇటువంటివి రాక్షసగుళ్ళే కదా! కట్టినవారిని మరచిన జనం, అంత బండ మానవమాత్రుడెత్తలేడని తలచి, ఆ ఘనతను రాక్షసులకు కట్టబెట్టినారు.

పోలిక పేరువరకే. ఆ గోరీలు అయిదువేల యేండ్లకు పైబడిన నవీన శిలాయుగపువి. మనవి అధికంగా ఇనుపయుగపువి. హైదరాబాదు పొలిమేరలలో, మౌలాలి, హష్మత్‌పేట ప్రాంతాలలో, ఇటువంటి సమాధులు బయటపడినవి. రాళ్ళ వలయం నడుమ రాతిపలకల పెట్టె. అందులో ఎముకలు, ఇనుప పనిముట్లు, లోపల నలుపు, వెలుపల ఎరుపు గల కుండలు. కుండను బోర్లించి కాల్చడంవల్ల ఆ రెండు రంగులు వచ్చినవని పరిశోధకుల అభిప్రాయం. ఇది రాక్షసుల పని కాదు. నేర్పరియైన కుమ్మరి పని.

ఉత్తర జర్మనీలో యుల్ట్సెన్ అనే పట్టణం కలదు. ఆ ప్రాంతపు గోరీలను 1846లో ఎస్టార్ఫ్ అనే ఆయన పటంతోసహా గ్రంథస్థం చేసినాడు. వాటిలో పెక్కింటిని రాతికోసం పగులగొట్టినారు. పోయినవేవో నేడు చెప్పగలిగినది ఆ గ్రంథమే. ఇక్కడ 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తుశాఖను స్థాపించి, గులాం యజ్దానీకి అప్పగించింది. 1924లో హంట్ అనే వైద్యుడు హైదరాబాదు సమాధులపై ఆంగ్లంలో వ్యాసం ప్రకటించినాడు. 1930లో నాంపల్లి బాగేఆంలో ప్రదర్శనశాల వెలసింది. తెలుగు విద్యార్థికి మాత్రం ఆ సంగతి అందలేదు.

ఒకనాడు మా విద్యార్థులను ఆ ప్రదర్శనశాలకు తీసుకొనిపోయినాను. అందరూ ఈజిప్టు మమ్మీ చుట్టూ మూగినారు. వారిలో ఒకడిది మౌలాలి. మీ ఊరి సమాధులను ఎరుగుదువా అని అడిగితే తెల్లబోయినాడు. ఈజిప్టు రాకుమార్తె వానికి తెలుసు. తన యింటి క్రింది తాత తెలియడు.

నగరం పెరుగుతున్నది, ఇళ్ళు కట్టవలసినదే. కాని పునాది త్రవ్వేముందు అక్కడ ఏమున్నదో వ్రాసిపెట్టుకోరాదా? ఆ పిల్లవానికి ఒక పని చెప్పినాను: “మీ నాయనమ్మను అడిగి, ఊళ్ళో ఏ రాతిని ఏమనేవారో వ్రాసుకొని రా.” వారం తరువాత నాలుగు పుటలు తెచ్చినాడు. మొదటి పేరు రాక్షసగుండు.