ఇరుసును మరచి టైరును పెంచరాదు

చీమకుర్తి ప్రాంతపు నల్లరేగడి నెరిగినవారికి బురద యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. వేసవిలో కాలు దిగబడునంత నెర్రెలు వారు నేలయే, ఒక్క వాన పడినంతనే ఉబ్బి, చక్రముల కంటుకొని, బండిని కదలనీయదు. అట్టి నేలనుండి పత్తి బోరెములను, మిరప టిక్కీలను వెలికి తెచ్చుటకై మన సభ్యులలో కొందరు ట్రాక్టరులకును ట్రక్కులకును వెడల్పు టైర్లు వేయింప దలచుచున్నారు. తలంపు మంచిదే. కాని ఈ విషయమున నేను నష్టపడి నేర్చుకొన్న దానిని సోదర రైతులకు తెలుపుట నా విధి.

రెండేండ్ల క్రిందట నా ట్రక్కుకు పాతవానికంటె వెడల్పైన టైర్లు వేయించితిని. అవి తొట్టికి రాచుకొనుచుండుటచే, పనివాడు చక్రములను ఇరుప్రక్కల రెండేసి అంగుళములు వెలికి జరిపెను. ఇరుసు మాత్రము పాతదే. ఆకాశము మబ్బుపట్టగా, వానకు ముందే సరకు దాటింపవలెనను తొందరలో 60 టిక్కీలు వేసి గట్టు దింపుచుండ, ఎడమవైపు ఇరుసు కొన విరిగినది. టిక్కీలు కాలువలో పడినవి. తడిసిన కాయ తాలు ధరకు పోయినది. ఎవరికిని దెబ్బ తగులకపోవుటయే భాగ్యము.

కారణము పిమ్మట తెలిసినది. ఇరుసునకు ఆనుడు గల చోటినుండి చక్రపు నడుమకు 6 అంగుళముల దూర మున్నప్పుడు ఇరుసును వంచు బలమెంతయో, దూరము 8 అంగుళములైనచో అది మూడవ వంతు పెరుగును. ఒక్క టిక్కీయైనను అదనముగ వేయకయే పెరుగును! ఇక ఇరుసు మందమును గూర్చి మనలో చాలమందికి తెలియని సంగతి యొకటి కలదు. 50 మిల్లీమీటర్ల చదరపు ఇరుసునకు మారుగ అదే ఉక్కుతో చేసిన 60 మిల్లీమీటర్ల ఇరుసును వేసినచో ఇనుము బరువు నూటికి 44 వంతులు హెచ్చును. వంపునకు ఓర్చు శక్తియో, నూటికి 73 వంతులు హెచ్చును. కొంచెము మందముతో ఇంత లాభ ముండగా, పాత ఇరుసు కొనకు ముక్క అతికి వెల్డింగు చేయించుట వట్టి పిసినారితనము. ఇరుసుతోపాటు బేరింగులు, హబ్బులు, బోల్టులు కూడ ఆ బరువునకు తగినవై యుండవలయును.

1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ బాయ్డ్ డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి టైర్లు అమర్చెను. 1936లో బంగాళమునందలి సాహాగంజ్‌లో డన్లప్ కర్మాగారము వెలసెను. తరువాత మన యెడ్లబండ్లకును టైర్లు వచ్చినవి. ఆకుల చక్రమును విప్పి టైరు బండిని కట్టినప్పుడు, ఉక్కు ఇరుసును, బేరింగులను కూడ కట్టిరి. ఒంగోలు గిత్తలకు ఆ మార్పువలన కలిగిన సుఖము సామాన్యమైనది కాదు.

వెడల్పు టైరు కొన్నంత మాత్రమున బురదలో దిగబడకపోదు. టైరు నేలపై వేయు ఒత్తిడి ఇంచుమించుగ లోని గాలి ఒత్తిడికి సమానము. ఒక చక్రముపై 3,200 పౌనులు, అనగా సుమారు 1,450 కిలోల బరువున్నదనుకొనుడు. చదరపు అంగుళమునకు 40 పౌనుల గాలి యున్నచో టైరు 80 చదరపు అంగుళముల నేలపై ఆనును. 20 పౌనులే యున్నచో 160 అంగుళములపై ఆనును. తక్కువ గాలితోనే అంత బరువును మోయగలుగుటయే పెద్ద టైరు ప్రయోజనము. దానికిని పాత టైరునకువలెనే గాలి బిగించువాడు సొమ్ము వృథా చేసికొన్నట్లే. అయితే ఎంతవరకు తగ్గింపవచ్చునో టైరు కంపెనీవారి పట్టిక చూచి తెలిసికొనవలయును; తారురోడ్డు ఎక్కునప్పుడు మరల గాలి నింపవలయును. లేకున్న టైరు వేడెక్కి చెడును.

ట్రాక్టరు సంగతి వేరు. చక్రపు ఎత్తు పదవవంతు పెరిగినచో వేగము హెచ్చును గాని, అదే గేరులో లాగుడు నూటికి 9 వంతులు తగ్గును. బ్రేకు పట్టును అట్లే తగ్గును. నాలుగు చక్రములును లాగు ట్రాక్టరులలో ముందు చక్రములు వెనుకవానికంటె కొంచెము వడిగా తిరుగునట్లు గేరులు అమర్తురు. వెనుక టైర్లు మాత్రమే మార్చినచో ఆ లెక్క తప్పి గేరుపెట్టె చెడును. పత్తి సాళ్లనడుమ గుంటక తోలువారికి వెడల్పు టైరు అసలే పనికిరాదు, మొక్కలు నలుగును. రిజిస్టరైన వాహనమును పత్రములోని వివరములకు భిన్నముగ మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను అడ్డగించుచున్నది. కావున ముందే అధికారుల నడుగుట మేలు.

నేలలోతున పడు నొక్కుడు టైరు వెడల్పుతో పోదు; అది ఇరుసుపై బరువునుబట్టి యుండును. అందుచే నేనిప్పుడు మందపు ఇరుసు వేయించియు, తడినేలలో 30 టిక్కీలే వేసి రెండు మారులు తోలుచున్నాను. డీజిలు కొంత ఎక్కువ పట్టుచున్నమాట నిజమే. గాలి కొలుచు గేజిని మాత్రము మేము ముగ్గురు రైతులము కలసి కొంటిమి. అది మా యింటి చూరున వ్రేలాడుచుండును, కావలసినవారు వచ్చి తీసికొనిపోవుచుందురు.