అరిగితే సరే... పగిలితేనే ముప్పు!

రైలు ఎంత పెద్దదైనా చక్రం పట్టాను తాకేది బొటనవేలి గోరంత చోటే! నిండు గూడ్సులో ఒక్కో చక్రం ఆ కాస్త చోటు మీదే పది టన్నులకు పైగా బరువు మోపుతుంది. అరగక ఏం చేస్తుంది?

తిన్నని దారిలో అరుగుదల తక్కువే. అసలు పేచీ మలుపుల్లో. అక్కడ బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. కానీ రెండు చక్రాలకూ ఇరుసు ఒక్కటే. అందుకే చక్రాన్ని లోపలివైపు లావుగా, బయటికి సన్నగా వాలుగా చేస్తారు. మలుపులో బయటి చక్రం లావు భాగం మీద దొర్లుతుంది. కొత్తవలస-కిరండూల్ ఘాట్‌లాంటి చోట వంపులు మరీ ఎక్కువ. అక్కడ ఈ ఉపాయం చాలదు. చక్రానికి లోపలివైపుండే ఫ్లాంజి పట్టాను ఒరుసుకుంటూ పోతుంది. అందుకే పట్టా పక్కకు గ్రీజు పూస్తారు.

అరుగుదలను కొలవొచ్చు. చక్రాన్ని లేతు మీద చెక్కి సరిచేయొచ్చు. పగుళ్లు అలా కాదు. 2000 అక్టోబరు 17న ఇంగ్లండులోని హాట్‌ఫీల్డ్ దగ్గర పగుళ్లు బారిన పట్టా 300కు పైగా ముక్కలైంది. గంటకు 185 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న రైలు పట్టాలు తప్పి నలుగురు చనిపోయారు. పట్టా పాడైందని ముందే తెలుసు. కొత్తది తెచ్చి పక్కనే ఉంచారు కూడా. మార్చలేదంతే!

అందుకే మన రైల్వే సహా చాలా దేశాల్లో పగుళ్లు లోతుకు దిగకముందే యంత్రాలతో పట్టా పైపొరను సానపడుతున్నారు. కావాలని కాస్త అరగదీస్తేనే... పట్టాకు ఆయుష్షు!