డావిన్సీ కోడ్ – ఒక చిల్లు కథ

2006 జూన్‌లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘డావిన్సీ కోడ్’ సినిమాను ప్రభుత్వం నిషేధించింది. అదే నెలలో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ఆ రోజుల్లో మా హాస్టల్ గదిలో రెండు వర్గాలయ్యాం. ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళం అది దైవదూషణ అన్నాం. మిగిలినవాళ్ళం చర్చి దాచిన నిజం అన్నాం. తమాషా ఏమిటంటే, మాలో ఒక్కరమూ ఆ నవల చదవలేదు! తర్వాత చదివాము. అది సాక్ష్యంగా చూపిన పాత గ్రంథాలను కూడా ఇంగ్లీషులో కూడబలుక్కుని చదివాము. తెలిసినంతలో తమ్ముళ్ళకు చెబుదామని ఈ వ్యాసం.

డాన్ బ్రౌన్ 2003లో రాసిన ఈ నవలలో యేసుకు, మగ్దలేనే మరియకు పెళ్ళయిందంటారు. దానికి ఆధారం ఫిలిప్పు సువార్త అంటారు. ఇది బైబిల్లో లేని పుస్తకం. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర ఎరువు మట్టి కోసం తవ్వుతున్న రైతులకు ఒక మట్టి జాడీలో తోలు అట్టల పుస్తకాలు దొరికాయి. అవి నాలుగో శతాబ్దం నాటి కాప్టిక్ భాషా ప్రతులు. కొన్ని పేజీలు ఇంట్లో పొయ్యిలోకి పోయాయని కూడా చెబుతారు. మిగిలినవాటిలో ఒకటి ఈ ఫిలిప్పు సువార్త.

యేసు ఆమెను తరచూ పెదవులపై ముద్దుపెట్టుకునేవాడని అందులో ఉన్నట్టు నవల చెబుతుంది. కాని అసలు ప్రతిలో ‘పెదవులు’ అనే మాట లేదు. సరిగ్గా ఆ చోట పేజీకి చిల్లు పడింది! నుదురో, చెంపో, చెయ్యో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పైగా తొలి విశ్వాసులు ఒకరినొకరు ముద్దుతోనే పలకరించుకునేవారు, పౌలు పత్రికల్లోనూ ఆ మాట ఉంది. పండితులు ఊహించి పూరించిన మాట మీద నవలాకారుడు ఏకంగా కాపురమే పెట్టించాడు.

325 నాటి నీకయ సభలో బైబిల్ పుస్తకాలను ఏరారన్నదీ అంతే. ఆ సభ పుస్తకాల జాబితా తేల్చలేదు. నేటి కొత్త నిబంధనలోని 27 పుస్తకాలే ఉన్న జాబితా మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాసిన లేఖలో.

అయినా ఈ నవలకు మేము రుణపడ్డాము. అది చదవకపోతే మరియ సువార్త అనేది ఒకటుందని మాకు తెలిసేది కాదు. 1896లో కైరోలో కొన్న ప్రతి అది, సగం పేజీలు పోయాయి. మిగిలిన పేజీల్లో యేసు వెళ్ళిపోయాక శిష్యులు భయంతో ఏడుస్తుంటారు. మరియ వాళ్ళకు ధైర్యం చెప్పి, ఆయన తనకు చెప్పిన సంగతులు వివరిస్తుంది. పేతురుకు అది నచ్చదు. మనకు తెలియకుండా ఒక ఆడదానితో ఆయన ఇవన్నీ మాట్లాడాడా, ఇక మనమంతా ఈమె మాట వినాలా అని అడుగుతాడు. మరియ ఏడుస్తుంది. అప్పుడు లేవి, నీకెప్పుడూ కోపమే, ఆయనే ఆమెను యోగ్యురాలిగా ఎంచితే కాదనడానికి నువ్వెవరు అంటాడు.

ఇదే మరియను వేశ్యగా చూపే నాటకాలు మా ఊళ్ళలో చూశాము. బైబిల్లో ఎక్కడా అలా లేదు. 591లో పోప్ గ్రెగరీ చేసిన ప్రసంగంతో ఆ ముద్ర బలపడింది.

పెళ్ళయిందా లేదా అని రాత్రి పన్నెండు దాకా అరుచుకున్న వాళ్ళమే, పేతురు ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి నోరు మెదపలేదు. ఇంట్లో అక్క ఏదో చెప్పబోతే “నీకెందుకే, ఊరుకో” అన్నవాళ్ళం మాలో చాలామందిమి ఉన్నాం.