ఎవరి దగ్గరో ఉన్నాడనుకొని

వేసవి సెలవులు మొదలైతే కృష్ణా డెల్టాలో ఇళ్లు నిండుతాయి. హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు మనవళ్లనూ మనవరాళ్లనూ వెంటబెట్టుకొని బందరు, గుడివాడ, అవనిగడ్డ వస్తారు. బంధువులంతా ఒకచోట ఉంటారు కదా అని బిడ్డ మొదటి పుట్టినరోజు, రెండో పుట్టినరోజు కృతజ్ఞతా కూడికను చాలామంది ఈ రోజుల్లోనే పెట్టుకుంటారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, కేకు కోస్తారు, భోజనాలు జరుగుతాయి. మరునాడు మంగినపూడి బీచికో హంసలదీవికో ప్రయాణం.

విశ్వాసులు పుట్టినరోజులు చేయవచ్చునా అని కొందరు అడుగుతుంటారు. బైబిలులో కనిపించే పుట్టినరోజు విందులు ఫరోవి, హేరోదువి. రెండూ ఒకరి మరణంతోనే ముగిశాయి. అయితే ఆదికాండము 21వ అధ్యాయంలో మరో విందు ఉంది. ఇస్సాకు పాలు విడిచిన రోజున అబ్రాహాము గొప్ప విందు చేశాడు. ఆ కాలంలో పాలు మాన్పించేది రెండు మూడేళ్లకు. పసిప్రాణాలు నిలవడమే కష్టమైన రోజుల్లో బిడ్డ అంతవరకు బ్రతికినందుకు తండ్రి సంతోషించాడు. మన కృతజ్ఞతా కూడికలోని భావమూ అదే. కాబట్టి పండుగలో తప్పు లేదు. ఆ పండుగలో బిడ్డను ఎవరు చూస్తున్నారన్నదే ఇక్కడి ప్రశ్న.

లూకా సువార్త 2వ అధ్యాయం గుర్తు చేసుకోండి. పస్కా పండుగకు యెరూషలేము వెళ్లి, బంధువులతో స్నేహితులతో కలిసి తిరిగి వస్తున్న మరియ, యోసేపులు కుమారుడు ఆ గుంపులోనే ఎవరితోనో ఉన్నాడనుకొని ఒక దినమంతా నడిచారు. వారిని అజాగ్రత్తపరులని ఎవరూ అనరు. తనవాళ్లు చుట్టూ ఉన్నప్పుడు ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని మనసు నమ్మేస్తుంది. మన ఇళ్లలోనూ అమ్మ వంటింట్లో ఉంటుంది, నాన్న షామియానా వాళ్లతో మాట్లాడుతుంటాడు, బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉందని ఇద్దరూ అనుకుంటారు. పిన్ని ఎత్తుకుపోయిందని అమ్మమ్మ అనుకుంటుంది. పిన్ని ఎప్పుడో కిందికి దింపేసి ఉంటుంది. యేసుకు అప్పటికి పన్నెండేళ్లు. మూడు రోజుల తర్వాతైనా దేవాలయంలో క్షేమంగా కనిపించాడు. ఏడాదిన్నర బిడ్డ నీటి దగ్గర తప్పిపోతే మనకు దొరికేది కొన్ని నిమిషాలే.

మన ప్రాంతంలో నీరు లేని చోటు లేదు. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన దివిసీమ పెద్దలు సముద్రాన్ని ఈనాటికీ తేలిగ్గా తీసుకోరు. అయితే పసిపిల్లలకు ప్రమాదం కెరటాల రూపంలోనే రానక్కర్లేదు. స్నానాల గదిలో నింపి ఉంచిన బకెట్టు, పెరట్లో కుడితి తొట్టి, మూత లేని సంపు, ఇంటి వెనుక చేపల చెరువు, రొయ్యల చెరువు, ఇవన్నీ ప్రమాదమే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కాలువ ఎండిపోయిందని అనుకుంటాం గాని, అక్కడక్కడా మడుగులు మిగిలే ఉంటాయి. మంచినీటి చెరువులు నిండుగా ఉంటాయి. మంగినపూడి బీచికి లోతు తక్కువని పేరు. పెద్దవాళ్ల మోకాలు దాటని నీరు పసివాడికి గొంతు దాకా వస్తుందని గుర్తుంచుకోవాలి. కృష్ణ పాయ సముద్రంలో కలిసే హంసలదీవి వైపు ప్రవాహపు లాగుడు కూడా ఉంటుంది.

ఈ వయసు పిల్లలకు శరీరంతో పోలిస్తే తల బరువు ఎక్కువ. బకెట్టులోకి తొంగి చూసి తలకిందులైతే తిరిగి లేచే బలం చేతులకు ఉండదు. అరవలేరు, పెద్దగా చప్పుడూ చేయలేరు. అందుకే పక్క గదిలో పాతికమంది ఉన్నా ఎవరికీ తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా నీట మునిగి సుమారు 3 లక్షల మంది చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే.

మనలాగే డెల్టా నేల మీద బ్రతికే బంగ్లాదేశ్‌లో దీని మీద చాలా పని జరిగింది. అక్కడ పసిపిల్లలు ఎక్కువగా ఇంటికి దగ్గరి చెరువుల్లోనే, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట మధ్య, తల్లులు ఇంటిపనిలో ఉండగా మునుగుతున్నారని పరిశోధకులు గమనించారు. అందుకని ఊళ్లలో ‘ఆంచల్’ పేరుతో చిన్న కేంద్రాలు పెట్టి, శిక్షణ పొందిన స్థానిక స్త్రీకి ఆ వేళల్లో పిల్లలను అప్పగించారు. ఆంచల్ అంటే చీర కొంగు. ఆ కేంద్రాలకు వచ్చే పిల్లల్లో మునక మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయని అధ్యయనాల్లో తేలింది. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేకపోయింది. ‘ఇప్పుడు బిడ్డ నా బాధ్యత’ అనే మనిషి ఒకరు ఉంటే చాలింది.

మన కూడికల్లోనూ దీన్ని పాటించవచ్చు. విందు రోజున గంటకొకరు చొప్పున బిడ్డను చూసే పెద్దవారిని ముందే అనుకోండి. అప్పగించేటప్పుడు పేరు పెట్టి నోటితో చెప్పండి: “అత్తయ్యా, ఇప్పటి నుంచి బాబు మీ దగ్గర.” ఆమె “సరే, నేను చూస్తాను” అనే వరకు అప్పగించినట్టు కాదు. ఆ గంటసేపు ఆమె వడ్డనకు వెళ్లకూడదు, ఫోను చూడకూడదు. పదేళ్ల అక్కకో అన్నకో ఈ బాధ్యత ఇవ్వకూడదు. బీచిలో అయితే చేయి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి. బిడ్డ నోట్లో ఏం పెట్టాలన్నది కూడా ఆ మనిషే చూసుకోవాలి. ప్రేమతో తలా ఒక ముద్ద పెడతారు గాని వేరుశనగ గింజలు, గుండ్రటి ద్రాక్ష, జారిపోయే తాటిముంజలు, పగిలిన బెలూను ముక్కలు పసిగొంతుకు అడ్డం పడతాయి. ముంజలైనా ద్రాక్షలైనా చిన్న ముక్కలుగా కోసే ఇవ్వాలి.

బిడ్డ కనిపించకపోతే గదులు వెతికే ముందు నీరున్న చోట్లు చూడండి. నీటిలోంచి తీసిన బిడ్డను తలకిందులుగా పట్టి తిప్పడం, పొట్ట నొక్కడం మన ఊళ్లలో ఇంకా ఉంది. దానివల్ల విలువైన సమయం పోతుంది. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊది, రొమ్ము మధ్యలో లయగా నొక్కుతూ ఉండాలి. మరొకరు 108కి ఫోను చేయాలి. ఇది చేతులతో నేర్చుకోవాల్సిన పని. యువజన కూడికకు ఒక నర్సమ్మను పిలిస్తే ఒక్క సాయంత్రంలో చూపిస్తారు.

బిడ్డను ప్రతిష్ఠించిన రోజున సంఘమంతా లేచి నిలబడి ప్రార్థిస్తుంది. ఆ ప్రార్థనలో మన వంతు బాధ్యత కూడా ఉంది. ఈ వేసవిలో మీ సంఘంలో జరిగే మొదటి పుట్టినరోజు కూడికలో, ప్రార్థనకు ముందు పాస్టరుగారు ఒక్క మాట అడగాలి: “బిడ్డను ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?” ఎవరో ఒకరు చెయ్యెత్తాకే కూడిక మొదలుపెట్టండి.