విమానం ఎక్కకముందే క్లాస్‌మేట్లు

‘హాయ్ ఆల్. మాది ఖమ్మం. ఫాల్‌కి డేటా సైన్స్ అడ్మిట్ వచ్చింది. నాన్‌వెజ్ ఓకే. వంట కొంచెం వచ్చు. రూమ్మేట్స్ కావాలి, పింగ్ చేయండి.’

ఏప్రిల్ నుంచి జూలై దాకా తెలుగు పిల్లల ఫోన్లలో ఇలాంటి మెసేజ్‌లు తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటాయి. అమెరికాలో ఏ ఊరి యూనివర్సిటీ నుంచి అడ్మిట్ వచ్చినా ఆ ఊరి పేరుతో, ఆ సెమిస్టర్ పేరుతో ఒక వాట్సాప్ గ్రూపు అప్పటికే సిద్ధంగా ఉంటుంది. డాలస్, డెంటన్, టెంపీ, సిన్సినాటి, షికాగో... దేనికది. కన్సల్టెన్సీలో పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయో, బీటెక్ సీనియరో లింకు పంపిస్తారు. ఆగస్టు మూడో వారంలో గానీ మొదలవని తరగతిలో, వీసాకు కావాల్సిన ఐ-20 కాగితం చేతికి రాకముందే సగంమంది ఒకరికొకరు తెలిసిపోతారు.

2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మనం మొదటి స్థానానికి వచ్చింది ఆ ఏడాదే. వీరిలో 1,96,567 మంది బీటెక్‌లాంటి డిగ్రీ ముగించుకుని పై చదువులకు వెళ్లినవారే. అందులో తెలుగువారి వాటా ఎంత పెద్దదో తెలియాలంటే ఆగస్టులో ఒక రాత్రి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లి చూడాలి. ఒక్కరు ఎక్కుతుంటే పదిమంది సాగనంపుతుంటారు. నానమ్మలు కూడా వస్తారు. ఆ గుంపుల మధ్య, ఇంతవరకూ ఫోన్లో తప్ప చూసుకోని ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఒకరినొకరు వెతుక్కుంటూ కనిపిస్తారు. ఒకే ఫ్లైట్, ఒకే ఇల్లు, ఒకే క్లాసు. ముందే మాట్లాడుకుని టికెట్లు కలిపి కొన్నవాళ్లు.

ఈ నాలుగు నెలల పరిచయాన్ని పెద్దవాళ్లు చాలామంది కాలక్షేపంగా చూస్తారు. ‘ఎప్పుడు చూసినా ఆ ఫోనే’ అని విసుక్కుంటారు. నాకు మాత్రం ఎమ్మెస్ ప్రయాణంలో ఇంతకంటే ముఖ్యమైన పని ఇంకోటి ఉందనిపించదు. ఏ యూనివర్సిటీకి వెళ్లాలన్నది కన్సల్టెన్సీ చెబుతుంది, అప్పు ఎంతన్నది బ్యాంకు తేలుస్తుంది. ఎవరితో కలిసి బతకాలన్నది మాత్రం ఇరవై రెండేళ్ల పిల్లలు తమంతట తాము నిర్ణయించుకోవాలి, అదీ ముఖం చూడకుండా. అక్కడ మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు మాత్ర తెచ్చిపెట్టేది వీళ్లే. అద్దె కట్టడానికి వంద డాలర్లు తక్కువైతే అడగాల్సిందీ వీళ్లనే.

తొంభైల్లో వెళ్లినవారికి ఈ సమస్య లేదు, ఈ సౌకర్యమూ లేదు. యూనివర్సిటీలోని భారతీయ విద్యార్థుల సంఘానికి ముందుగా ఉత్తరమో ఈమెయిలో రాసేవారు. ఎవరో ఒక సీనియర్ విమానాశ్రయానికి వచ్చి, తన అపార్ట్‌మెంట్ హాల్లో పడుకోబెట్టి, వారం పది రోజుల్లో ఎక్కడో ఒకచోట సర్దేవాడు. రూమ్మేట్ ఎవరన్నది దిగాక తెలిసేది. ఆ తర్వాత ఆర్కుట్ కమ్యూనిటీలు, ఫేస్‌బుక్ గ్రూపులు వచ్చాయి. ఇప్పుడు వాట్సాప్, టెలిగ్రామ్. ‘పికప్’, ‘టెంప్ స్టే’ అన్న మాటలు అప్పటి నుంచి అలాగే నిలిచాయి. సీనియర్ల హాల్లో పరుపూ నిలిచింది. మారిందల్లా, మనిషిని ముందే ఎంచుకునే వీలు రావడం.

‘ఇంటిపేరేంటి బ్రో?’

ఆ ఎంపిక దేని మీద జరుగుతోంది? మొదట ఊరు, ఆ తర్వాత బీటెక్ కాలేజీ, వెజ్జా నాన్‌వెజ్జా. ఇంతవరకూ సహజమే. మన భాష మాట్లాడేవాడు, మన కూర తినేవాడు పక్కన ఉంటే మొదటి నెల కాస్త సుళువుగా గడుస్తుంది. నాలుగో ప్రశ్న గ్రూపులో రాదు, విడిగా వస్తుంది. ‘పూర్తి పేరు?’ అని మొదలై ఇంటిపేరు దగ్గరికి చేరుతుంది. దాంతోనూ తేలకపోతే ‘నాన్నగారు ఏం చేస్తారు’, ‘మీ ఊళ్లో ఫలానా వాళ్లు తెలుసా’ అని సాగుతుంది. ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. జవాబు నచ్చకపోతే ‘సారీ బ్రో, ఫుల్ అయిపోయింది’ అని ఒక మెసేజ్. రెండు రోజుల తర్వాత అదే గ్రూపులో అదే ఇంటికి ‘వన్ స్పాట్ లెఫ్ట్’ అని ప్రకటన కనిపిస్తుంది. అది చూసిన పిల్లవాడు ఎవరితోనూ చెప్పుకోలేడు. విమానం ఎక్కకముందే అతనికి ఆ దేశంలో ఒక తలుపు మూసుకుపోయింది, మూసింది మనవాళ్లే.

ఈ కులం ఆరా ఇళ్లల్లో గుట్టుగా దాచుకునే సంగతి అనుకుంటాం గానీ, అక్కడి సంస్థలు ఇప్పటికే గమనించాయి. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్, కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరమైంది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన ఇలాంటి బిల్లును గవర్నర్ వీటో చేశారు. చట్టం ఎటు తిరిగినా, రూమ్మేట్ విషయంలో నేను చెప్పేది ఒకటే. ఇంటిపేరు చెప్పేది మనిషి ఎవరికి పుట్టాడన్నదే. రాత్రి రెండు గంటలకు అతను ఆస్పత్రికి తోడొస్తాడో లేదో అది చెప్పదు. అద్దె రోజున చేతులెత్తేస్తాడో లేదో అసలే చెప్పదు. తల్లిదండ్రులు ‘మనవాళ్లే కదా’ అని ఊపిరి పీల్చుకోవడానికి తప్ప ఆ ప్రశ్న దేనికీ పనికిరాదు. దాన్ని అడగనివ్వకుండా చూడాల్సింది కూడా తల్లిదండ్రులే. ఎందుకంటే చాలాసార్లు పిల్లల చేత అడిగిస్తున్నది వాళ్లే.

లీజు మీద నాలుగు సంతకాలు

అడగాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది డబ్బు. అమెరికాలో క్యాంపస్ బయటి అపార్ట్‌మెంట్‌ను నలుగురు కలిసి తీసుకుంటే లీజు సాధారణంగా ఏడాదికి రాస్తారు. అది ఉమ్మడి లీజు అయితే నలుగురూ విడివిడిగా మొత్తం అద్దెకు బాధ్యులే. మన పిల్లలు ‘నా వాటా నేను కడతాను’ అనుకుంటారు. ఇంటి యజమాని దృష్టిలో వాటాలుండవు. నెల అద్దె 1,600 డాలర్లు అనుకుందాం. నలుగురైతే తలా నాలుగు వందలు. ఒకడు రాకపోతే మిగిలిన ముగ్గురి మీదా తలా 133 డాలర్లు అదనంగా పడతాయి, ప్రతి నెలా. గదికో, మంచానికో విడిగా లీజు రాసే అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. అద్దె కొంచెం ఎక్కువైనా, ముఖం చూడని నలుగురికి అదే క్షేమం.

‘ఒకడు రాకపోతే’ అన్నది ఊహ కాదు. ఆగస్టు ఇల్లు కావాలంటే మే, జూన్‌లలోనే ఖాయం చేసుకోవాలి. వీసా ఇంటర్వ్యూ జూన్‌లోనో జూలైలోనో ఉంటుంది. 2025లో మే చివరి నుంచి జూన్ మూడో వారం దాకా కొత్త విద్యార్థి వీసా స్లాట్లు ఇవ్వడమే ఆపేశారు. సోషల్ మీడియా తనిఖీ నిబంధనలు మార్చి మళ్లీ మొదలుపెట్టేసరికి ఐ-20 చేతిలో ఉండి కూడా స్లాటు దొరకనివాళ్లు వేలల్లో మిగిలారు. మామూలు రోజుల్లోనైనా నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ నుంచి బయటికొచ్చే నలుగురిలో ఒకరి చేతిలో 214బి తిరస్కరణ కాగితం ఉండొచ్చు. ఆ రోజు గ్రూపులో ముగ్గురు ‘అప్రూవ్డ్!’ అని బెలూన్ల బొమ్మలు పెడతారు. నాలుగోవాడు మౌనంగా గ్రూపులోంచి వెళ్లిపోతాడు. లీజు మీద మాత్రం అతని పేరు అలాగే ఉంటుంది.

కాబట్టి సంతకాలకు ముందే నలుగురూ ఒక్కసారి వీడియో కాల్‌లో కూర్చుని ఈ మాటలు నిస్సంకోచంగా అనుకోవాలి. ఎవరికైనా వీసా రాకపోతే డిపాజిట్ సంగతేంటి? ఆ స్థానంలోకి మనిషిని తేవాల్సింది ఎవరు? మొదటి మూడు నెలల అద్దె ఎవరి దగ్గర సిద్ధంగా ఉంది? ఒకరిది నాన్న జీతం, ఇంకొకరిది పొలం తాకట్టు పెట్టి తెచ్చిన విద్యారుణం. ఈ తేడా ముందే తెలిస్తే వారాంతంలో బయట తిండికి రానన్నవాడిని పిసినారి అనరు. పిల్లలు ఈ మాట ఎత్తడానికి మొహమాటపడతారు. అప్పు సంగతి చెబితే చులకనవుతామన్న భయం ఒకటి. ముందుగా నోరు తెరిచిన వాడితో నిరభ్యంతరంగా ఇల్లు పంచుకోవచ్చంటాను.

మోసాలు కూడా ఇక్కడే పొంచి ఉంటాయి. ఫోటోలు బాగుంటాయి, క్యాంపస్‌కి నడక దూరం, అద్దె తక్కువ, డిపాజిట్ మాత్రం ఈ రోజే పంపాలి. అక్కడ బ్యాంకు ఖాతా లేదు కాబట్టి మనవాళ్లు తెలిసిన అన్న చేత బ్యాంకు బదిలీ సేవ జెల్‌లో పంపిస్తారు. మనమే పంపిన డబ్బు జెల్‌లో వెళ్లాక వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. ఎవరో ఒక సీనియర్ ఆ తలుపు తట్టి, లోపల తిరిగి వీడియో తీసి పంపేదాకా రూపాయి కదపకూడదు.

వదినగార్ల ఫోన్లు

జూలైకల్లా సంగతి తల్లుల చేతుల్లోకి వెళ్తుంది. గుంటూరు అమ్మ కరీంనగర్ అమ్మకు ఫోన్ చేస్తుంది. రెండో ఫోన్‌కే ‘వదినగారూ’ అన్న పిలుపు వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో వీసా పనికి వచ్చిన రోజున రెండు కుటుంబాలూ ఏ టిఫిన్ సెంటర్లోనో కలుస్తాయి. పెళ్లిచూపుల్లాగే పెద్దవాళ్లు మాట్లాడుతుంటే పిల్లలు తలొంచుకుని కూర్చుంటారు. ఆడపిల్లల విషయంలో ఈ కలయిక తప్పనిసరి. నవ్వుకోవడానికి ఇందులో ఏమీ లేదు, కన్నవాళ్లకు ఇంకో దారి లేదు. మనిషికి సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు. కుక్కర్ మీరు తెస్తే పోపుడబ్బా, పెనం మేం తెస్తామని పంచుకుంటారు. ఇంట్లో వాడే మిక్సీ మాత్రం వద్దు. మన కరెంటు 230 వోల్టులు, అక్కడిది 120. పచ్చి కరివేపాకూ వద్దు, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద వస్తుందని విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు. నాటుకోడి పచ్చడిదీ అదే గతి. ఆవకాయ గట్టిగా మూత బిగించి పంపితే చేరుతుంది.

ఆ ఫోన్లలోనే తల్లులు ఇంకో పని చేస్తే బాగుంటుంది. నలుగురు పిల్లల ఇళ్ల నంబర్లు, పాస్‌పోర్ట్ మొదటి పేజీ, ఆరోగ్య బీమా కార్డు ఫోటో నలుగురి దగ్గరా ఉండాలి. పిల్ల రెండు రోజులు ఫోన్ ఎత్తకపోతే యూనివర్సిటీకి ఎవరు ఫోన్ చేస్తారు? అక్కడ మేజరైన విద్యార్థి సమాచారాన్ని ఆమె అనుమతి లేకుండా కన్నవాళ్లకైనా మామూలుగా చెప్పరు. పక్క గది అమ్మాయి నంబరే దిక్కు.

క్లాసులో ఎవరుంటారు?

విచిత్రమేమంటే, నాలుగు నెలల పాటు ఇంత మాట్లాడుకున్న క్లాస్‌మేట్లు క్లాసు గురించి దాదాపు ఏమీ మాట్లాడుకోరు. తొమ్మిది క్రెడిట్లు అంటే మూడు కోర్సులు. ఆ మూడూ ఏవి? ఏ ప్రొఫెసర్ దగ్గర ప్రోగ్రామింగ్ ఎక్కువ, ఎవరి దగ్గర గణితం ఎక్కువ? దిగాక వారంలో తేల్చుకునే సంగతి కాదిది. జూన్, జూలైల ఖాళీలో నలుగురు కలిసి లీనియర్ ఆల్జీబ్రానో పైథాన్‌నో మళ్లీ చదివితే మొదటి మిడ్‌టర్మ్ అంత భయపెట్టదు.

అంతకన్నా ముందు, అడ్మిట్ ఇచ్చిన చోట ఇప్పుడు చదువుతున్న ఇద్దరితో మాట్లాడాలి. ‘మీ సోమవారం ఎలా గడుస్తుంది?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. ఏ క్లాసుకు వెళ్లారో, ఎవరు చెప్పారో, ఎంతమంది ఉన్నారో జవాబులో రావాలి. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీని తెలుగు ఇళ్లు ఇంకా మరచిపోలేదు. మిషిగన్‌లోని ఆ నకిలీ యూనివర్సిటీని నడిపింది అమెరికా వలస శాఖ అధికారులే. అక్కడ క్లాసులు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. అరెస్టయిన వందమందికి పైగా విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులు, అందులో చాలామంది మన పిల్లలు. అలాంటి చోట సోమవారం గురించి చెప్పగలిగేవాడే ఉండడు.

ముందే ఏర్పడిన జట్టుకు ఒక ప్రమాదం ఉంది. గ్రూప్ ప్రాజెక్టు అనగానే అదే నలుగురు. అసైన్‌మెంట్ ఒకడు చేస్తే మిగతావాళ్లు కాస్త మార్చి పెట్టేయడం. బీటెక్‌లో రికార్డులు రాసుకున్న స్నేహం అది. ఇక్కడ చూసీ చూడనట్టు వదిలేస్తారు, అక్కడ నలుగురికీ ఒకే నోటీసు వస్తుంది. చూపించినవాడూ దోషే. సస్పెండ్ చేస్తే వీసా హోదాకే ముప్పు. ఇది ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్ల మంచి పిల్లలు దెబ్బతింటున్నారు. స్నేహం కుదిరిన రోజే ‘కోడ్ అడగొద్దు, అడిగినా ఇవ్వను, అర్థం కాకపోతే ఎంతసేపైనా కూర్చుని చెబుతా’ అనగలిగిన వాడు దొరికితే అదృష్టం.

ఇంకో సంగతి. సాయంత్రం క్లాసుల్లో పగలంతా ఉద్యోగం చేసి వచ్చే అమెరికన్లుంటారు. నైజీరియా, వియత్నాం, చైనా పిల్లలుంటారు. వాళ్లెవరూ మన గ్రూపులో లేరు. ఓరియంటేషన్ వారంలో మనవాళ్లు వెనక వరుసలో కలిసి కూర్చుంటే ఆ పరిచయాలు రెండేళ్లయినా జరగవు. పీహెచ్‌డీకి వెళ్లేవారికి ఈ చిక్కు తక్కువ. ఆఫర్‌కు జవాబివ్వాల్సిన ఏప్రిల్ 15 గడువుకు ముందే చాలా విభాగాలు అడ్మిట్ వచ్చినవారిని పిలిచి, వీలుకానివారిని ఆన్‌లైన్‌లో కలిపి, కాబోయే సహవిద్యార్థులతో మాట్లాడిస్తాయి. వందలమందిని చేర్చుకునే ఎమ్మెస్‌కు వెబినార్లే గతి. ఆ వెబినార్లో పేరు పెట్టి ప్రశ్న అడిగిన వేరే దేశపు విద్యార్థికి ఒక చిన్న ఈమెయిల్ రాసినా మంచిదే.

ఇక 214బి కాగితంతో గ్రూపులోంచి వెళ్లిపోయినవాడు. అతనికి ఫోన్ చేయాలి. చాలా యూనివర్సిటీల్లో అడ్మిట్‌ను స్ప్రింగ్‌కు వాయిదా వేసుకోవచ్చు, మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్లొచ్చు. జనవరిలో అతను దిగితే పికప్‌కు వెళ్లాల్సింది ఆగస్టులో వెళ్లిన ఈ ముగ్గురే. నాలుగు నెలలకే వీళ్లు సీనియర్లవుతారు, కొత్త గ్రూపులో ‘అన్నా’, ‘అక్కా’ అన్న మెసేజ్‌లు మొదలవుతాయి. అద్దెలెంత, చలికోటు ఎక్కడ కొనాలి, క్యాంపస్ ఉద్యోగం దొరుకుతుందా. మొదటి రెండింటికీ ఎవరైనా జవాబు చెబుతారు. మూడోదానికి ‘దొరుకుతుందిలే’ అని తేలిగ్గా అనేయకూడదు. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి చేయనివ్వని ఆ ఉద్యోగం తమకెన్నాళ్లకు దొరికిందో, దొరకనే లేదో, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ మాట నమ్మి ఇక్కడ ఒక తండ్రి, చేయాల్సిన అప్పు తగ్గించి లెక్క వేసుకుంటున్నాడు.