మనసు చదువు ఏడేళ్ళ చదువు – ఆరు నెలల సర్టిఫికెట్టు కాదు

(మా గ్రామీణ విలేఖరి)

‘‘ఏమయ్యా పేపరాయనా, మా అమ్మాయి సైకాలజీ చదువుతానంటోంది. అది డాక్టరు చదువేనా?’’ అని రచ్చబండ దగ్గర ఒక రైతు ఈ విలేఖరిని అడిగారు. ఆ అమ్మాయి కోరికకు కారణం లేకపోలేదు. కాన్పు తర్వాత మేనత్తకు పట్టుకున్న దిగులును గాలి సోకిందనుకుని ఏడాదిపాటు తాయెత్తులు కట్టించారట.

అది డాక్టరు చదువు కాదు. మందులు రాసే సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. పైన ఎం.డి. చదివిన వైద్యుడు. సైకాలజిస్టు మందులు రాయరు. మనిషిని కూర్చోబెట్టి ఓపికగా మాట్లాడించి, పరీక్షలు చేసి, భయాన్నీ దిగులునూ మాటలతో, అభ్యాసాలతో తగ్గిస్తారు. రెండూ కావలసినవే.

దీనికి నీట్ పరీక్ష లేదు. ఇంటరు ఆర్ట్సు వారు కూడా చేరవచ్చు. డిగ్రీ 3 ఏళ్ళు, ఎం.ఏ. లేక ఎమ్మెస్సీ 2 ఏళ్ళు. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలలో ఈ శాఖలున్నాయి. ఎం.ఏ.తో ఆగినవారు బడులలో కౌన్సెలర్లుగా పనిచేయవచ్చు గాని, క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టరాదు. అందుకు రోగుల మధ్య మరో 2 ఏళ్ళు ఎం.ఫిల్. శిక్షణ పొంది, భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలన్నది ఇంతకాలం నడిచిన పద్ధతి. బెంగుళూరు నిమ్‌హాన్స్ ఈ శిక్షణకు పేరుపొందింది.

ఇప్పుడు దారి మారుతున్నది. ఎం.ఫిల్.ను యు.జి.సి. ఎత్తివేసి, ఈ శాఖకు 2025-26 వరకే మినహాయింపునిచ్చింది. దాని స్థానంలో మండలి కొత్త కోర్సులు తెచ్చింది. కనుక ఫీజు కట్టేముందే మండలి గుర్తింపు జాబితా చూసుకోవాలి.

మరో సంగతి. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలోగాని, ఆన్‌లైన్‌లోగాని చెప్పరాదని యు.జి.సి. ఆదేశించింది. ఇంట్లో కూర్చునే సైకాలజిస్టు కావచ్చునన్న కరపత్రాలను నమ్మరాదు. తల్లి గొలుసు తాకట్టు పెట్టి ఆరు నెలల కోర్సు చేసిన కుర్రవాడొకడు ఈ విలేఖరికి తెలుసు. ఆ సర్టిఫికెట్టు గోడకు వేలాడుతున్నది, గొలుసు ఇంకా విడిపించలేదు.

చదువులు పూర్తయ్యేదాకా కష్టం ఆగదు కదా. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వారు రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి ఇది నడుస్తున్నది.

అంతా విన్న రైతు వేళ్ళమీద లెక్కవేసి, ‘‘ఏడేళ్ళంటే దానికి పాతికొస్తాయి. సంబంధాలెట్లా?’’ అన్నారు. పక్కనే నిలుచున్న అమ్మాయి మాత్రం తిరుపతిలో హాస్టలు దొరుకుతుందా అని అడిగింది.