శ్రీమతి తప్పిపోయిన వేళ... సవన్నాలో!

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మా ఆవిడ తప్పిపోవడం అదే మొదటిసారి. అదీ మన వూరి తిరనాళ్ళలో కాదు. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో, సవన్నా అనే పాత నగరంలో! "తప్పిపోయింది నేను కాదు, మీరు" అంటుంది ఆవిడ ఇప్పటికీ. ఎవరి మాట నిజమో చదివి మీరే తేల్చండి.

2024 ఏప్రిల్లో అట్లాంటాలో వున్న మా బావమరిది ఇంటికి వెళ్ళాం. ఆఫీసు పనిమీద అతను సవన్నా వెళ్ళాల్సి వచ్చింది. కారులో నాలుగు గంటల ప్రయాణం. "మీరూ రండి బావా! ఒక రోజు తిరిగి చూడొచ్చు. 'ఫారెస్ట్ గంప్' తీసిన వూరది" అన్నాడు.

ఇంకేం కావాలి నాకు! ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 1994లో వచ్చి ఉత్తమ చిత్రంతో సహా 6 ఆస్కార్లు గెలుచుకున్న సినిమా. బస్ స్టాపులో, చాక్లెట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళకి టామ్ హాంక్స్ తన కథ చెబుతూ వుంటాడు చూడండి... ఆ బెంచీ వున్నది సవన్నాలోనే. 2022లో దాన్నే హిందీలో ఆమిర్ ఖాన్ 'లాల్ సింగ్ చడ్ఢా'గా తీసినప్పుడు బెంచీ తీసేసి రైలుపెట్టె పెట్టారు. మన నాగచైతన్య బాలరాజుగా కనిపించింది అందులోనే. ఏమైనా బెంచీ బెంచీయే! దాని మీద మా ఆవిడతో ఫోటో దిగాలన్నది నా చిరకాల వాంఛ.

అంతా ఒకేలా వుంటే ఎలా?

పొద్దున్న తొమ్మిదింటికి బావమరిది మమ్మల్ని నది ఒడ్డున దింపాడు. "సాయంత్రం ఏడింటికి ఇక్కడే వుంటాను" అని ఒక ఫోను మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఫోను ఆవిడ సంచీలో, పులిహోర డబ్బా నా సంచీలో... ఈ పంపకం గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

1733లో ఆగ్లతోర్ప్ అనే ఇంగ్లీషు దొర ఈ వూరికి పునాది వేశాడు. గళ్ళ నోటుపుస్తకంలో గీసినట్టు వీధులు, కొన్ని వీధులకొకటి చొప్పున నడుమ చిన్న పార్కు. దాన్ని స్క్వేర్ అంటారు. మొత్తం 24 కట్టారు, 22 మిగిలాయి. ప్రతిదానిలోనూ పెద్ద పెద్ద ఓక్ చెట్లు. కొమ్మల నిండా బూడిదరంగు జులపాలు వేలాడుతూ వుంటాయి. మునీశ్వరుల గడ్డాల్లా వుండే వాటిని స్పానిష్ మాస్ అంటారు. తమాషా ఏమిటంటే అది స్పెయిన్‌దీ కాదు, నాచూ కాదు. అనాసపండు జాతి మొక్క! 

1864 డిసెంబరులో షెర్మన్ సేనాని జార్జియాని తగలబెట్టుకుంటూ వచ్చి, ఈ వూరిని మాత్రం కాల్చకుండా ప్రెసిడెంటు లింకన్‌కు క్రిస్మస్ కానుకగా సమర్పిస్తున్నట్టు తంతి కొట్టాడు. అందుకే ఆ పాత మేడలు ఇవాళ మన కళ్ళకు మిగిలాయి, సినిమావాళ్ళ కెమెరాలకూ మిగిలాయి.

పత్తి దగ్గర పేచీ

నది ఒడ్డున ఎర్రటి ఇటికల భవనం ఒకటి వుంది. పాత కాటన్ ఎక్స్ఛేంజి. ఒకప్పుడు పత్తి బేరాలన్నీ ఇక్కడే సాగేవి. మా ఆవిడ దాని ముందు ఆగిపోయింది. ఆవిడ పుట్టిల్లు ఆదోని. పత్తి అంటే ఏమిటో ఆదోని వాళ్ళకు చెప్పక్కర్లేదు.

"మా అవ్వ జిన్నింగులో కూలికి పోయేది, తెలుసా?" అంది.

తెలుసు. కానీ అక్కడి పలక చూసేదాకా నాకు తట్టని సంగతి ఇంకోటి వుంది. పత్తి నుంచి గింజలు వేరుచేసే ఆ 'జిన్'ను 1793లో ఎలీ విట్నీ తయారుచేసింది సవన్నా దగ్గరి ఒక తోటలోనే! ఆదోనిలో ఇప్పటికీ జిన్నింగు మిల్లు అంటున్నామే, ఆ మాటలోని 'జిన్' ఇదేనన్నమాట. యంత్రం వస్తే మనిషికి చాకిరీ తగ్గాలి కదా? ఇక్కడ తిరగబడింది. గింజ తీయడం సులువయ్యేసరికి పత్తి సాగు విపరీతంగా పెరిగింది, దానితో పాటే బానిసల చాకిరీ పెరిగింది. మొదట్లో జార్జియాలో బానిసలు వుండకూడదని చట్టం వుండేది. 1751లో ఆ నిషేధం ఎత్తేశారు. 1861 నుంచి 65 దాకా సాగిన అంతర్యుద్ధంలో ఇక్కడి పత్తి ఆగిపోతే, ఇంగ్లాండు మిల్లులు మన దేశపు పత్తికి ఎగబడ్డాయి.

ఆవిడ పలక పలకా ఆగి చదువుతోంది. నేను వాచీ చూసుకుంటున్నాను.

"ఏమోయ్, ఇలా అయితే సినిమా చోట్లు చూసినట్టే!"

"మీకు సినిమా తప్ప ఇంకేమీ కనబడదా?"

అలా మొదలైంది. పదకొండింటికి ఎవరి దారి వాళ్ళం పట్టాం. "ఒంటిగంటకు ఫారెస్ట్ గంప్ బెంచీ దగ్గర కలుద్దాం. తెలుసుగా?" అన్నాను కాస్త విసురుగానే. "ఎందుకు తెలీదు? నాకు తెలుసు" అని ఆవిడా అంతే విసురుగా వెళ్ళిపోయింది.

పాటల కవి ఇంటిపేరు

నేను నేరుగా మాంటెరీ స్క్వేర్‌లోని మెర్సర్ హౌస్‌కి వెళ్ళాను. 1997లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన 'మిడ్‌నైట్ ఇన్ ద గార్డెన్ ఆఫ్ గుడ్ అండ్ ఈవిల్'లో కనిపించే మేడ అది. ఆ ఇంటిపేరుకో చరిత్ర వుంది. జానీ మెర్సర్ అని గొప్ప సినీ గేయకవి. 1909లో ఈ వూళ్ళోనే పుట్టాడు. పాటలకు 4 ఆస్కార్లు గెలిచాడు. 'మూన్ రివర్' పాట ఆయనదే. మన చంద్రబోస్ గారు 2023లో ఆస్కారు అందుకున్నప్పుడు మనం ఎంత పొంగిపోయామో, ఈ వూరు ఆయన్ని చూసుకుని అంత పొంగుతుంది. వూరి దగ్గరి ఒక ఏటికి మూన్ రివర్ అనే పేరే పెట్టుకున్నారు. మేడ ఆయన ముత్తాత కట్టించుకోవాలనుకున్నదట గానీ, మెర్సర్లెవరూ అందులో కాపరం వుండలేదు!

పావు తక్కువ ఒంటిగంటకు చిపెవా స్క్వేర్ చేరాను. నడుమ ఆగ్లతోర్ప్ దొర కంచు విగ్రహం. వాషింగ్టన్‌లో కూర్చున్న లింకన్ విగ్రహం చెక్కిన డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ చేసిందే అది. బాగానే వుంది. కానీ నా బెంచీ ఏదీ? పార్కులో బెంచీలు లేకపోలేదు. సినిమాలోది మాత్రం లేదు. సరే, మా ఆవిడ వస్తే ఇద్దరం వెతుక్కోవచ్చని కూర్చున్నాను.

ఒంటిగంట అయింది. ఒకటింపావు. ఉన్నట్టుండి వాన! చెట్టు కిందికి పరిగెత్తాను. ఒకటిన్నర. ఫోను ఆవిడ దగ్గర. నా దగ్గర పులిహోర. ముద్ద దిగలేదు. చీర కట్టుకుని, కాళ్ళకు బూట్లు వేసుకుని వచ్చిన మనిషి. కనబడితే ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. కానీ అడగడానికి ఎవరున్నారు? పొద్దుటి పేచీ ఒక్కొక్క మాటే గుర్తొస్తోంది. హీరోయిన్ కోసం వానలో హీరో ఎదురుచూసే సీన్లు ఎన్ని చూశాను, ఎన్నిటి గురించి రాశాను! నిజంగా నిలబడితే గుండె దడే తప్ప పాట రాదండీ.

రెండింటికి ఒక గైడు గొడుగుల గుంపును వెంటేసుకుని వచ్చాడు. గబగబా వెళ్ళి బెంచీ సంగతి అడిగాను. ఆయన నవ్వేశాడు. ఆ బెంచీ ఇక్కడ ఎప్పుడూ లేదట! షూటింగు కోసం తెచ్చి వేశారు, అయిపోగానే తీసేశారు. దాన్ని చూడాలంటే హిస్టరీ మ్యూజియంకి వెళ్ళాలి అన్నాడు.

నాకప్పుడు వెలిగింది. కరపత్రం చదివింది ఆవిడ. చదవకుండా అన్నీ తెలుసనుకున్నది నేను!

తెలుగులో ఒక చీటీ

తడుస్తూనే పరిగెత్తాను. పాత రైల్వే స్టేషనులో పెట్టారు ఆ మ్యూజియం. టిక్కెట్ల దగ్గరున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, ఏమీ అడగకుండానే ఒక కాగితం తీసి చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు తలకిందులుగా పట్టుకుంది పాపం. అక్షరాలు మాత్రం మావి. తెలుగు!

"రెండింటిదాకా చూశాను. తమ్ముడు ఫోను ఎత్తడం లేదు. మీరు ఆ పాటల ఇంటి దగ్గరే ఆగిపోయి వుంటారు, అటే వెళుతున్నా. అక్కడ లేకపోతే తూర్పున సూజీ కింగ్ టేలర్ స్క్వేర్‌లో, బడి ఎదురుగా కూర్చుంటా. అక్కడినుంచి కదలను. నాకోసం ఆగకుండా పులిహోర తినండి."

చదువుతుంటే కళ్ళు మసకబారాయి. వాన నీళ్ళని చెప్పుకోవచ్చుగానీ, అప్పుడు నేను లోపల వున్నాను.

బెంచీ అక్కడే వుంది. ఎన్నేళ్ళ కోరిక! ఒక్కసారి చూశాను. ఫోటో తీసే ఫోనూ లేదు, పక్కన కూర్చునే మనిషీ లేదు. వెనుదిరిగాను.

పుస్తకం కాగితంలో చుట్టి...

వాన వెలిసింది. మాసీ బడి అని 1856 నాటి ఇటికల భవనం. దాని ఎదురుగా ఓక్ చెట్టు కింద మా ఆవిడ కూర్చునుంది. నేను తిట్లకు సిద్ధపడి వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "తిన్నారా?" అంది. అంతే.

డబ్బా మూత తీసి పంచుకుంటుంటే అడిగాను, ఈ చోటే ఎందుకు ఎంచుకున్నావని. అప్పుడు చెప్పింది. కరపత్రంలోనూ, మ్యూజియంలోనూ చదివిన కథ.

సూజీ కింగ్ టేలర్ 1848లో బానిసగా పుట్టింది. సవన్నాలో వాళ్ళ అమ్మమ్మ దగ్గర పెరిగింది. నల్లవాళ్ళకు చదువు చెప్పడం ఆ రోజుల్లో జార్జియాలో నేరం. అయినా అమ్మమ్మ ఆమెను రహస్యంగా చదువుకు పంపింది. పోలీసులకూ తెల్లవాళ్ళకూ అనుమానం రాకుండా పిల్లలు పుస్తకాలను కాగితంలో చుట్టుకుని, ఒక్కొక్కరుగా ఆ ఇంట్లోకి వెళ్ళేవారు. 1862లో ఆ పిల్ల బానిసత్వం నుంచి తప్పించుకుని, పద్నాలుగేళ్ళకే పంతులమ్మ అయింది. యుద్ధంలో నల్ల సిపాయిల పటాలం వెంట వుండి, గాయాలకు కట్లు కట్టింది, వాళ్ళకు అక్షరాలు నేర్పింది. 1902లో తన కథ తనే రాసి అచ్చువేసింది. ఈ స్క్వేర్‌కు అంతకుముందు బానిసత్వాన్ని సమర్థించిన కాల్హూన్ అనే నాయకుడి పేరుండేది. 2023లో నగరపాలకులు అది తీసేసి ఈమె పేరు పెట్టారు.

"మా అవ్వ జిన్నింగులో కూలి తీసుకునేటప్పుడు వేలిముద్ర వేసేది. నన్ను బడికి పంపాలని పట్టుబట్టింది ఆమే. ఈ పిల్ల కథ చదివాక అవ్వ గుర్తొచ్చింది. అందుకే ఇక్కడ కూర్చున్నా" అంది. మా ఆవిడ టీచరని చెప్పానో లేదో... ఐదో తరగతికి తెలుగు చెబుతుంది.

పొద్దున్న ఆవిడ పలక పలకా చదువుతుంటే విసుక్కున్నవాణ్ణి నేనే. మధ్యాహ్నం నన్ను దారికి తెచ్చింది ఆవిడ రాసిన నాలుగు ముక్కలు.

సాయంత్రం నది మీద ఉచితంగా తిప్పే పడవ ఎక్కాం. ఆ పడవలకు సవన్నా ఆడవాళ్ళ పేర్లు పెట్టారు, ఒకదానికి సూజీ పేరే. ఒడ్డున చేతిగుడ్డ వూపుతున్న ఒక అమ్మాయి విగ్రహం కనిపిస్తుంది. ఫ్లోరెన్స్ మార్టస్. 1887 నుంచి 1931 దాకా, 44 ఏళ్ళు, వచ్చే పోయే ఓడలకు చెయ్యి వూపిందట. ప్రియుడి కోసమే ఆ ఎదురుచూపు అని జనం కథ అల్లుకున్నారు. "నేను గంట చూసి లేచిపోయాను" అంది మా ఆవిడ. ఇద్దరం నవ్వుకున్నాం.

ఏడింటికి బావమరిది రానే వచ్చాడు. "ఏం బావా, బెంచీ ఫోటో ఏదీ?" అన్నాడు. జేబులోంచి తడిసిన చీటీ తీసి చూపించాను. అది ఇప్పటికీ నా పర్సులోనే వుంది.

మీలో ఎవరైనా సవన్నా వెళితే తప్పకుండా చిపెవా స్క్వేర్ చూడండి, మ్యూజియంలో బెంచీ చూడండి. సూజీ పేరున్న స్క్వేర్‌లో ఒక పావుగంట కూర్చోండి. కానీ, "బెంచీ దగ్గర కలుద్దాం" అని మాత్రం విడిపోకండి!